మొదటి ప్రోగ్రామింగ్ భాష ఏది? నెల్లూరు, ప్రకాశం జిల్లాల విద్యార్థులకు పోలిక, ఎంపిక సలహా

ఇంటర్ పరీక్షలు ముగిసే సమయానికి నెల్లూరులో, ఒంగోలులో, కావలిలో, కందుకూరులో చాలా ఇళ్లలో ఒకే చర్చ నడుస్తుంది. పిల్లలకు కంప్యూటర్ ప్రోగ్రామింగ్ నేర్పించాలి, దేనితో మొదలుపెట్టించాలి? బీటెక్ చదువుతున్న అన్నయ్య సి అంటాడు. బెంగళూరులో ఉద్యోగం చేసే బంధువు పైథాన్ అంటాడు. ఇన్‌స్టిట్యూట్ వాళ్లు జావా వస్తేనే ఉద్యోగం అంటారు. ముగ్గురి మాటలోనూ నిజం ఉంది. కాకపోతే ఎవరికి వారు తమకు పనికొచ్చినదాన్ని బట్టి చెబుతున్నారు. మీ పరిస్థితి వారికి తెలియదు.

నా అభిప్రాయం ముందే చెబుతాను. భాష ఏది అన్నది రెండో ప్రశ్న. మీ చేతిలో ఏ పరికరం ఉంది, ఎందుకు నేర్చుకుంటున్నారు, చిక్కుపడినప్పుడు పక్కన కూర్చుని చూసే మనిషి ఎవరున్నారు అన్నవి మొదటి ప్రశ్నలు. వాటికి సమాధానం దొరికితే భాష దానంతట అదే తేలిపోతుంది.

## ముందు తేల్చుకోవాల్సినవి

పరికరం. ల్యాప్‌టాప్ ఉందా, ఫోన్ మాత్రమేనా? మన పల్లెల్లో చాలామంది విద్యార్థులకు ఉన్నది ఫోనే. ఫోన్‌తో మొదలుపెట్టడం సాధ్యమే, కానీ అన్ని భాషలకూ కాదు. ల్యాప్‌టాప్ కొనాలనుకునేవారు కొత్తదే కావాలని అప్పు చేయనవసరం లేదు. 4 జీబీ ర్యామ్ ఉన్న పాత యంత్రం మీద సి, పైథాన్ మూలపాఠాలు హాయిగా నడుస్తాయి. ఈ వ్యాసంలో చెప్పే భాషలన్నీ ఉచితం. సాఫ్ట్‌వేర్ కోసం ఎవరికీ డబ్బు కట్టకండి.

ఉద్దేశం. కళాశాల పరీక్షల కోసమా, ఉద్యోగం కోసమా, ఉన్న పనిలో వాడుకోవడానికా? చీమకుర్తి గ్రానైట్ కార్యాలయంలో లెక్కలు చూసే వ్యక్తికీ, బీటెక్ మొదటి సంవత్సరం అబ్బాయికీ ఒకే సలహా ఇస్తే ఇద్దరిలో ఒకరు నష్టపోతారు.

తోడు. ఇదే అన్నిటికంటే ముఖ్యం. కొత్తగా నేర్చుకునేవారు మానేసేది కష్టమైన పాఠం దగ్గర కాదు, చిన్న తప్పు దొరకని సాయంత్రం. వరుస చివర పెట్టాల్సిన ఒక సెమికోలన్ (;) మరిచిపోయి రెండు గంటలు వెతికినవారికి ఇది తెలుసు. ఆ సమయంలో తెర చూసి తప్పు ఎక్కడుందో చెప్పగలిగే అక్కో, సీనియరో, ల్యాబ్ అసిస్టెంటో ఉంటే, వారికి వచ్చిన భాషే మీకు మంచి భాష. మిగతా పోలికలన్నీ ఆ తర్వాతే.

ఇంగ్లిష్ భయం. తెలుగు మాధ్యమంలో చదివినవారు దీన్ని పెద్ద అడ్డంకిగా అనుకుంటారు. పైథాన్‌లో భాషకు ప్రత్యేకించిన పదాలు మొత్తం 35. ప్రామాణిక సి మొదటి రూపంలో 32. పదో తరగతి పాఠంలో అంతకన్నా ఎక్కువ కొత్త పదాలు ఉంటాయి. ఇబ్బంది పెట్టేది తప్పు జరిగినప్పుడు వచ్చే సందేశాలే. అవి కూడా తిప్పితిప్పి ఆరేడు రకాలే వస్తాయి. ఒక నోటుపుస్తకంలో ఒక్కో సందేశానికి తెలుగులో అర్థం రాసుకుంటూ పోతే నెల తిరిగేసరికి భయం పోతుంది.

## ఒకే లెక్క, వేర్వేరు భాషల్లో

భాషల తేడా మాటల్లో చెబితే తలకెక్కదు. టంగుటూరు పొగాకు వేలం కేంద్రానికి ఒక రైతు మూడు బేళ్లు తెచ్చాడనుకుందాం. అంకెలు లెక్క కోసం అనుకున్నవే. మొదటిది 140 కిలోలు, కిలో ధర 280 రూపాయలు. రెండోది 120 కిలోలు, 240 రూపాయలు. మూడోది 100 కిలోలు, 200 రూపాయలు. కిలోకు సగటున ఎంత పడింది?

మూడు ధరలు కలిపి మూడుతో భాగిస్తే 240 వస్తుంది. అది తప్పు. చేతికొచ్చిన డబ్బు 88,000 రూపాయలు, మొత్తం బరువు 360 కిలోలు, కాబట్టి సగటు 244 రూపాయల 44 పైసలు. ఈ తేడాను ఏ భాషా మీకు చెప్పదు. మీరు తప్పుగా ఆలోచిస్తే కంప్యూటర్ ఆ తప్పునే అతివేగంగా చేసిపెడుతుంది. ప్రోగ్రామింగ్‌లో అసలు చదువు ఇదే కాబట్టి, భాష ఎంచుకోవడానికి నెలల తరబడి తర్జనభర్జన పడవద్దని చెబుతున్నాను.

ఇక పైథాన్‌లో మొదటి బేలు లెక్క ఇలా ఉంటుంది:

    బరువు = 140
    ధర = 280
    మొత్తం = బరువు * ధర

ఇది పాఠకుల కోసం తెలుగులోకి మార్చి చూపినది కాదు. పైథాన్ 3లో చలరాశుల (విలువలు దాచుకునే చోట్ల) పేర్లు తెలుగు లిపిలో రాయవచ్చు, ఈ మూడు వరుసలూ ఇలాగే నడుస్తాయి. ఉద్యోగంలో అందరూ ఇంగ్లిష్ పేర్లే వాడతారు కనుక తర్వాత అలవాటు మార్చుకోవాలి. కానీ మొదటి వారంలో సొంత మాటల్లో పేర్లు పెట్టుకుంటే, ఏది భాష పదమో, ఏది తాను పెట్టిన పేరో విద్యార్థికి స్పష్టంగా విడిపోయి కనిపిస్తుంది. నేర్పేవారు దీన్ని వాడుకోవాలి.

ఇదే లెక్కను సి భాషలో, కొన్ని కళాశాలల ల్యాబుల్లో ఇంకా కనిపించే నీలం తెర టర్బో సి అనే పాత సాఫ్ట్‌వేర్‌లో పూర్ణాంకాలతో రాస్తే జవాబు 39,200 రాదు. మైనస్ 26,336 వస్తుంది. పాత టర్బో సిలో పూర్ణాంకానికి 16 బిట్ల చోటే ఉంటుంది, అందులో పట్టే అతిపెద్ద సంఖ్య 32,767. అది దాటితే సంఖ్య రుణాత్మకంలోకి తిరిగిపోతుంది. నేటి జీసీసీ కంపైలర్‌లో (కంపైలర్ అంటే మనం రాసినదాన్ని యంత్రానికి అర్థమయ్యేలా మార్చే సాఫ్ట్‌వేర్) పూర్ణాంకానికి సాధారణంగా 32 బిట్లు కాబట్టి 39,200 సరిగ్గానే వస్తుంది. కానీ అక్కడ కూడా 88,000ను 360తో పూర్ణాంకాలుగా భాగిస్తే 244 మాత్రమే వస్తుంది, పైసలు ఎగిరిపోతాయి. పైథాన్‌లో ఈ రెండు ఇబ్బందులూ లేవు.

జావాస్క్రిప్ట్ తీరు ఇంకొకటి. వెబ్ పేజీ పెట్టెలో టైపు చేసిన బరువు అక్షరాలుగా వస్తుంది. మొత్తాన్ని సున్నాతో మొదలుపెట్టి దానికి 140, 120 కలుపుతూ పోతే 260 బదులు 0140120 అని అక్షరాలు అతుక్కుని వస్తాయి, ఎక్కడా తప్పు అని చెప్పదు. పైథాన్ అదే పనికి అక్కడికక్కడ ఆగిపోయి టైప్ ఎర్రర్ చూపిస్తుంది. కొత్తవారికి ఆగిపోయే భాష మేలు.

| | పైథాన్ | సి | జావాస్క్రిప్ట్ | జావా | స్క్రాచ్ |
|---|---|---|---|---|---|
| మొదట వెలువడింది | 1991 | 1970ల ఆరంభం | 1995 | 1995 | 2007 |
| ఫోన్‌లో మొదలుపెట్టవచ్చా | అవును, సులువు | వీలుంది, ఇబ్బందే | బ్రౌజర్‌తో కొంతవరకు | వద్దు | ట్యాబ్ ఉంటే మేలు |
| మొదటి ఫలితం | మొదటి రోజే | రెండు మూడు రోజుల్లో | మొదటి రోజే, కంటికి కనిపించేలా | ఆలస్యం | కొన్ని నిమిషాల్లో |
| తప్పు జరిగితే | ఎక్కడో, ఎందుకో చెబుతుంది | కొన్నిసార్లు మౌనం | తరచుగా మౌనం | ముందే అడ్డుకుంటుంది | అక్షరదోషాలకు తావు లేదు |
| యంత్రం లోపలి సంగతులు | తక్కువ | చాలా ఎక్కువ | తక్కువ | మధ్యస్థం | లేవు |

## పైథాన్

గైడో వాన్ రోసమ్ రూపొందించిన ఈ భాషకు చదవగానే అర్థమవడం మొదటి గుణం. వరుస చివర సెమికోలన్ బెడద లేదు. లూపు (ఒకే పనిని మళ్లీ మళ్లీ చేయించే భాగం) లోపలి వరుసలను కొంచెం కుడికి జరిపి రాయాలి, సాధారణంగా నాలుగు ఖాళీలు. ఆ క్రమం తప్పితే ఇండెంటేషన్ ఎర్రర్ వస్తుంది. మొదట్లో చాలామంది విసుక్కునేది దీని దగ్గరే, కానీ చక్కగా అమర్చి రాసే అలవాటు దీనివల్లే వస్తుంది.

ఫోన్ మాత్రమే ఉన్నవారికి ఇదే దారి. ఆండ్రాయిడ్‌లో పైడ్రాయిడ్ 3 అనే యాప్ ఒకసారి దించుకుంటే ఇంటర్నెట్ లేకుండా నడుస్తుంది. సిగ్నల్ సరిగా అందని ఊళ్లలో ఇది పెద్ద సదుపాయం. బ్రౌజర్‌లో పైథాన్ నడిపే గూగుల్ కొలాబ్ కూడా మంచిదే, కానీ దానికి నెట్ ఉండాలి. ఓటీజీ కేబుల్‌తో మామూలు కంప్యూటర్ కీబోర్డును ఫోన్‌కు తగిలించుకోవచ్చు. బొటనవేళ్లతో కోడ్ కొట్టే బాధ అంతటితో తప్పుతుంది, రోజూ చేసే సాధన రెట్టింపవుతుంది.

ల్యాప్‌టాప్ ఉంటే థానీ అనే చిన్న ఎడిటర్ పెట్టుకోండి. ఎస్టోనియాలోని టార్టు విశ్వవిద్యాలయంలో కొత్తవారి కోసమే పుట్టింది. ప్రోగ్రామును ఒక్కో అడుగూ నడిపిస్తూ ఏ చలరాశిలో ఇప్పుడు ఏ విలువ ఉందో పక్కనే చూపిస్తుంది. బేళ్ల లెక్కలో మొత్తం 39,200 నుంచి 68,000కు, అక్కడి నుంచి 88,000కు మారడం కళ్లారా చూసిన విద్యార్థికి లూపు అంటే ఏమిటో మళ్లీ చెప్పనక్కర్లేదు.

లోటు ఏమిటంటే, పైథాన్ చాలా పనులు తనే చేసిపెడుతుంది. జాబితాలో పెద్ద సంఖ్య కావాలంటే ఒక్క పదం చాలు. అది ఎలా దొరికిందో తెలుసుకోకుండానే కోర్సు పూర్తిచేసినవారు ఇంటర్వ్యూలో తెల్లబోతారు. సొంతంగా లూపు రాసి పెద్ద సంఖ్యను కనుక్కోవడం వచ్చాకే ఆ సులువైన పదం వాడాలి.

## సి

డెన్నిస్ రిచీ బెల్ ల్యాబ్స్‌లో తయారుచేసిన సి గురించి, పాతబడిపోయింది, ఎందుకు అనే మాట తరచుగా వింటాం. ఆ మాటను నేను ఒప్పుకోను. లినక్స్ అనే ఆపరేటింగ్ సిస్టమ్ కేంద్రభాగం ప్రధానంగా సిలోనే ఉంది, పైథాన్ ప్రధాన రూపం కూడా సిలోనే రాశారు. మైనస్ 26,336 చూసిన విద్యార్థి సంఖ్యకు కూడా మెమొరీలో చోటు కావాలని జీవితంలో మరిచిపోడు. ఆ జ్ఞానం పైథాన్ అంత తేలిగ్గా ఇవ్వదు.

బీటెక్‌లో చేరబోయేవారికి చాలా కళాశాలల్లో మొదటి సంవత్సరంలో ఎదురయ్యే భాష సి. చేరకముందు వేసవిలో పైథాన్ నేర్చుకుని, తరగతిలో సి చూసి గందరగోళపడే పిల్లలు ఉంటారు. మీకు సీటు ఖాయమై, ల్యాప్‌టాప్ ఉంటే సి తోనే మొదలుపెట్టండి. ల్యాబులో ఏది ఉన్నా ఇంట్లో మాత్రం జీసీసీతో పనిచేసే కోడ్ బ్లాక్స్ లాంటి ఎడిటర్ పెట్టుకోండి.

మెమొరీలోని చిరునామాలతో పనిచేయించే పాయింటర్ల దగ్గరకు వచ్చేసరికి చాలామంది ఆగిపోతారు. అక్కడ తోడు లేకపోతే సి ఒంటరిగా నేర్చుకోవడం కష్టం. ఫోన్ ఒక్కటే ఉండి, చెప్పేవారు కూడా లేనివారు సి తో మొదలుపెట్టవద్దు.

## జావాస్క్రిప్ట్, జావా, స్క్రాచ్

పేర్లు దగ్గరగా ఉన్నా జావాస్క్రిప్ట్, జావా వేర్వేరు భాషలు. జావాస్క్రిప్ట్ బ్రౌజర్‌లో నేరుగా నడుస్తుంది, రాసినది బొమ్మగా, బటన్‌గా వెంటనే తెర మీద కనిపిస్తుంది. బొమ్మలు గీసే మనసున్నవారికి, చూసి ఉత్సాహపడేవారికి ఇది నచ్చుతుంది. అయితే ముందు హెచ్‌టీఎంఎల్, సీఎస్‌ఎస్ కొంత రావాలి. అవి పేజీ రూపాన్ని చెప్పేవే. ఇన్‌స్టిట్యూట్‌లో రెండు నెలలు ఆ రెండే చెప్పి ప్రోగ్రామింగ్ నేర్పామంటే నమ్మవద్దు.

జావా ఉద్యోగాలకు విలువైనదే, కానీ మొదటి భాషగా నేను సూచించను. 2025కు ముందు వచ్చిన జావా రూపాల్లో తెర మీద ఒక వాక్యం చూపడానికే క్లాసు, మెయిన్ అంటూ అర్థంకాని నాలుగైదు పదాలు బట్టీపట్టాలి. బట్టీతో మొదలైన ప్రోగ్రామింగ్ బట్టీగానే మిగిలిపోతుంది. రెండో భాషగా నేర్చుకోండి.

ఎనిమిదేళ్లు దాటిన పిల్లలకు స్క్రాచ్ చక్కనిది. ఎంఐటీ మీడియా ల్యాబ్ నుంచి వచ్చింది, రంగురంగుల దిమ్మెలను జతచేస్తే పిల్లి నడుస్తుంది, మాట్లాడుతుంది. హార్వర్డ్ వారి ప్రసిద్ధ సీఎస్50 కోర్సు కూడా మొదటి వారం స్క్రాచ్‌తో మొదలై, తర్వాత సి, ఆపైన పైథాన్ చేరుతుంది. పదో తరగతి దాటినవారు మాత్రం దీనిలో వారానికి మించి ఉండనక్కర్లేదు.

## ఎక్కడ నేర్చుకోవాలి

ఊళ్లోని ఇన్‌స్టిట్యూట్. నెల్లూరు దర్గామిట్టలోనో, ఒంగోలు కర్నూలు రోడ్డులోనో చేరాలనుకుంటే ఫీజు అడగకముందు మూడు సంగతులు అడగండి. రోజుకు ఎంతసేపు మన చేతులతో మనమే టైపు చేస్తాం? ఒక బ్యాచ్‌లో ఎంతమంది? తరగతి అయ్యాక సందేహం వస్తే ఎవరు చూస్తారు? వీలైతే ఒక తరగతిలో వెనక కూర్చుని చూడండి. మాస్టారు బోర్డు మీద రాసింది పిల్లలు నోటుపుస్తకంలో ఎక్కించుకోవడమే జరుగుతుంటే అక్కడ డబ్బు కట్టవద్దు. టైపు చేయించి, తప్పులు వాళ్ల చేతనే దిద్దించే చోటు చిన్నగదిలో ఉన్నా మంచిదే. ఇంట్లో నెట్ లేని, చదువుకునే వాతావరణం లేని విద్యార్థికి అలాంటి చోటు ఏ ఆన్‌లైన్ పాఠం కంటే ఎక్కువ మేలు చేస్తుంది.

అమీర్‌పేట. మూలపాఠాల కోసం హైదరాబాద్ హాస్టల్లో నెలలు గడపడం నాకు సమ్మతం కాదు. అద్దె, భోజనం ఖర్చు ఫీజును మించిపోవచ్చు. వేగంగా నడిచే బ్యాచ్‌లో మొదటిసారి కంప్యూటర్ పట్టుకున్నవారు వెనకబడతారు, వెనకబడిన సంగతి ఇంటికి చెప్పుకోలేరు. ఇక్కడే పునాది వేసుకుని, ఉద్యోగానికి కావాల్సిన ప్రత్యేక కోర్సు కోసం వెళ్లడం వేరు, అది సమంజసమే.

ఉచిత ఆన్‌లైన్ కోర్సులు. ఐఐటీలు, ఐఐఎస్‌సీ కలిసి నడిపే ఎన్‌పీటీఈఎల్‌లో చేరడం, పాఠాలు చూడటం ఉచితం. ధ్రువపత్రం కావాలంటేనే పరీక్ష ఫీజు కట్టి కేంద్రానికి వెళ్లి రాయాలి. వారం వారం అసైన్‌మెంట్ గడువు ఉండటం వల్ల పని వాయిదా పడదు. ఐఐటీ బాంబే వారి స్పోకెన్ ట్యుటోరియల్ ప్రాజెక్టులో తెలుగు వ్యాఖ్యానంతో పాఠాలు ఉన్నాయి. ఒక్కోటి పది నిమిషాల దాకా ఉంటుంది, వీడియో ఆపుతూ పక్కనే మనం చేయాలి. తెలుగు మాధ్యమం వారు ముందు వీటిని చూసి, తర్వాత ఇంగ్లిష్ పాఠాలకు వెళితే దారి సుగమం. ఆన్‌లైన్‌లో అసలు ఇబ్బంది ఒంటరితనం. అందుకే ఇద్దరు ముగ్గురు స్నేహితులు ఒకే కోర్సులో చేరి, ఆదివారం ఒకరింట్లో కూర్చోవడం మంచిది.

ఇప్పుడు కృత్రిమ మేధ సహాయకులు కోడ్ మొత్తం రాసిపెడుతున్నాయి. మొదటి మూడు నెలలు వాటితో కోడ్ రాయించుకోవద్దని గట్టిగా చెబుతాను. ఎర్రర్ సందేశాన్ని ఇచ్చి దీని అర్థం తెలుగులో చెప్పు, సరిచేసి ఇవ్వకు అని అడగండి. ఇంట్లో తోడు లేనివారికి ఆ మేరకు అవి ఎంతో ఉపకారం.

## ఎవరికి ఏది

బీటెక్ సీఎస్‌ఈ సీటు వచ్చి, ల్యాప్‌టాప్ ఉన్నవారు సి తో మొదలుపెట్టండి. మెకానికల్, సివిల్ చదువుతూ సాఫ్ట్‌వేర్ వైపు రావాలనుకునేవారు పైథాన్ తీసుకోండి. మీకు ఉన్న సమయం తక్కువ, పైథాన్‌లో ఆలోచన మీద ఎక్కువసేపు నిలవగలుగుతారు.

కావలిలోనో కందుకూరులోనో బీకాం, బీఎస్సీ చదువుతున్నవారికీ పైథానే. ఇంటర్‌లో ఎంపీసీ చదవలేదని వెనకాడకండి. మూలపాఠాలకు కావాల్సిన గణితం హెచ్చవేతలు, భాగహారాలు, శాతాలు దాటదు. ఫీజు కట్టి డిగ్రీ స్థాయిలో చదవగలిగితే ఐఐటీ మద్రాస్ 2020లో ప్రకటించిన ఆన్‌లైన్ కోర్సు ఉంది. ఇంటర్ ఏ గ్రూపుతో ప్యాసైనా, పదిలో గణితం, ఇంగ్లిష్ చదివి ఉంటే దాని అర్హత ప్రక్రియలో పాల్గొనవచ్చు. అందులోనూ నేర్పేది పైథానే.

ఉద్యోగంలో ఉన్నవారి సంగతి కొంచెం ప్రత్యేకం. రొయ్యల చెరువుల మేత ఖాతా, గ్రానైట్ లారీల బిల్లులు, పొదలకూరు మార్కెట్లో నిమ్మకాయల బస్తాల లెక్క చూసేవారు ఇప్పటికే ఎక్సెల్ వాడుతుంటారు. పైథాన్ ఎక్సెల్ ఫైళ్లను చదివి, కూడి, కొత్త షీటు రాయగలదు. నెలాఖరున రోజంతా పట్టే పనిని తగ్గించడమే మీ మొదటి ప్రాజెక్టు కావాలి. మేత మొత్తాన్ని పట్టుబడిలో వచ్చిన రొయ్యల బరువుతో భాగిస్తే ఎఫ్‌సీఆర్, అంటే కిలో రొయ్యకు ఎన్ని కిలోల మేత పట్టిందన్న లెక్క వస్తుంది. చెరువువారీగా దాన్ని చూపే ప్రోగ్రాము ఇరవై వరుసలకు మించదు. సొంత పనిలో సమస్య ఉన్నవారు విద్యార్థుల కంటే త్వరగా నేర్చుకుంటారు, ఎందుకంటే జవాబు సరైనదో కాదో వారికి చూడగానే తెలుస్తుంది.

## రెండో భాషకు ఎప్పుడు మారాలి

మధ్యలో భాష మార్చడం వల్ల నష్టపోయినంతగా తప్పు భాష ఎంచుకోవడం వల్ల ఎవరూ నష్టపోరు. మార్చేముందు పుస్తకం, వీడియో చూడకుండా ఈ పనులు చేసి చూసుకోండి. బేళ్ల సంఖ్య ఎంతైనా సరే బరువు, ధర అడిగి సగటు చెప్పే ప్రోగ్రాము రాయండి. బరువు సున్నా అని ఇస్తే అది కుప్పకూలకుండా చూడండి. అదే లెక్కను ఫంక్షన్‌గా, అంటే పేరు పెట్టి మళ్లీ మళ్లీ వాడుకోగల భాగంగా విడదీయండి. వివరాలను ఫైలులో దాచి, మర్నాడు తెరిచి చదివించండి. చివరగా మీ స్నేహితుడి ప్రోగ్రాములో తప్పు పట్టండి. ఇవన్నీ వచ్చినవారికి సి నుంచి పైథాన్‌కు రావడానికి కొన్ని వారాలు చాలు. పైథాన్ నుంచి సి కి వెళ్లేవారు మెమొరీ, పాయింటర్ల కోసం మరికొంత ఎక్కువ సమయం పెట్టుకోవాలి.